కొండ మీద దెబ్బతిన్న మోకాలికి కాగితమేదీ?

మే నెల మిట్టమధ్యాహ్నం వీరులపాడు రోడ్డు మీద కుక్క కూడా కనిపించదు. పక్కనున్న నందిగామ పేరు ఎండల వార్తల్లో ఏటా వినపడేదే. 45 డిగ్రీలు దాటిందన్నా అక్కడెవరూ ఉలిక్కిపడరు. మజ్జిగ తాగి, అరుగు మీద తడిగుడ్డ వేసుకుని పడుకుంటారు. పత్తి, మిరప పండే ఆ నల్లరేగడి నేలలో పుట్టి పెరిగిన కుర్రాణ్ని తీసుకెళ్లి సున్నాకు దిగువన 45 డిగ్రీల చలిలో నిలబెడితే? తేడా అక్షరాలా 90 డిగ్రీలు! సియాచిన్ లాంటి చోటికి వెళ్లే తెలుగు జవాన్లు దాటేది ఆ తేడానే.

గాలి కూడా అంతే. 18 వేల అడుగుల ఎత్తులో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర దొరికే దాంట్లో సగం. అందుకే సైన్యం ఎవర్నీ ఒక్కసారిగా పైకి పంపదు. 9 వేల అడుగులు దాటాక ఆరు రోజులు, 12 వేలు దాటాక నాలుగు రోజులు, 15 వేలు దాటాక మరో నాలుగు రోజులు ఆగి ఆగి ఒంటికి ఆ ఎత్తు అలవాటు చేస్తారు. అయినా కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కొందరికి మెదడు వాస్తుంది. చెమటకు తడిసిన మేజోడు మార్చుకోవడం ఆలస్యమైతే చాలు, కాలి వేళ్లు మంచుకాటుకు నల్లబడిపోతాయి. 1984 ఏప్రిల్ 13న ‘ఆపరేషన్ మేఘదూత్’తో మన సైన్యం సియాచిన్ శిఖరాల మీద కాలు మోపింది మొదలు తూటాల కంటే చలి, మంచుచరియలే ఎక్కువ మందిని పొట్టన పెట్టుకున్నాయి. 2016 ఫిబ్రవరి 3న 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ పోస్టు మీద మంచుచరియ విరుచుకుపడి పదిమంది జవాన్లు కూరుకుపోయారు. వాళ్లలో ఒకరు అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్.

చనిపోయిన వారి గురించి పేపర్లు రాస్తాయి. మంత్రులు వస్తారు. ఊరు ఊరంతా కదులుతుంది. మరి కాలో, మోకాలో, ఊపిరో పోగొట్టుకుని నిశ్శబ్దంగా రైలు దిగి ఇంటికొచ్చినవాడి సంగతి? దండలూ ఉండవు, బ్యాండు మేళమూ ఉండదు. ట్రంకుపెట్టె ఒకటి, అందులో కాగితాలు. ఆ కాగితాల్లోనే అతని మిగతా బతుకు ఉంటుంది. ఒక్కోసారి, ఉండాల్సిన కాగితం ఒకటి అందులో ఉండదు.

వీరులపాడు మండలంలోని ఏదో ఒక ఊళ్లో అలాంటి ‘మిలిటరీ బాబాయ్’ ఒకాయన ఉన్నాడనుకుందాం. కల్పితమే అయినా, చదివేవారిలో చాలామందికి ఎక్కడో చూసిన మనిషిలాగే అనిపిస్తాడు. 1989లో ఫిరంగి దళంలో చేరాడు. 1997లో ఉత్తరాది కొండల్లో యూనిట్ వాళ్లకు పర్వతారోహణ శిక్షణ ఇస్తుంటే, తాడు పట్టుకుని బండరాయి దిగుతూ జారాడు. కుడి మోకాలు మెలితిరిగింది. ఫీల్డ్ ఆసుపత్రిలో పది రోజులున్నాడు. కట్టు కట్టారు, మాత్రలిచ్చారు, నెల రోజులు బరువు పనులు వద్దన్నారు. కుర్రతనం! రెండు నెలలకు మళ్లీ పరుగు. తర్వాత మైదాన ప్రాంతాల్లో పోస్టింగులు. 2004 నాటికి మెట్లెక్కాలంటే మోకాలు కలుక్కుమనడం మొదలైంది. 2006లో 17 ఏళ్ల సర్వీసు ముగించుకుని వస్తున్నప్పుడు మెడికల్ బోర్డు చూసి, కీలు అరిగిందనీ, వైకల్యం 20 శాతమనీ రాసింది. ఆ పక్కనే ఇంకో ముక్క రాసింది. సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు అని. కారణం? శాంతి ప్రాంతంలో ఉండగా బయటపడిందట.

ఈ ముక్కనే ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ‘నానా’ అంటారు. మాజీ సైనికులకు బాగా తెలిసిన మాట. నానా తిప్పలూ అక్కణ్నుంచే మొదలు.

సర్వీసు పెన్షన్ వస్తోంది కాబట్టి బాబాయ్ ఏమీ అడగలేదు. మోకాలి సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వేసి ఊరుకునేవాడు. కానీ ఇంట్లో వాళ్లకు తెలుసు. పెళ్లి పంక్తిలో కింద కూర్చోలేడు. మిరప కోతలప్పుడు చేను గట్టు దిగాలంటే ఎవరిదో భుజం కావాలి. వానాకాలం రాత్రుళ్లు పిన్ని ఉప్పు కాపడం పెట్టాల్సిందే. ఓ రోజు అన్న కొడుకు అడిగాడు.

“బాబాయ్, ఆ మోకాలికి నీకు డబ్బులు రావాలి కదా?”

“ఊరుకోరా. నాకేమన్నా తూటా తగిలిందా? కాలు జారి పడ్డా. దానికి గవర్నమెంటు డబ్బులివ్వాలా?”

“ఎక్కడ జారావు? సంతలోనా?”

బాబాయ్ దగ్గర దానికి జవాబు లేదు.

అసలు మెలిక ఇక్కడే ఉంది. తూటా తగిలితేనే పరిహారం అనుకునేవాళ్లు పల్లెల్లో ఇప్పటికీ కొల్లలు. రూల్సు అలా లేవు. సైనికుల పరిహార పెన్షన్లకు 1982లో చేసిన అర్హత నిబంధనల్లో ‘డ్యూటీ’ అంటే ఏమిటో విడమర్చి రాశారు. పర్వతారోహణ పేరు కూడా అందులో ఉంది. సర్వీసు అధికారులు ఏర్పాటు చేసి, సర్వీసు హెడ్‌క్వార్టర్స్ ఆమోదించిన పర్వతారోహణ యాత్రలో పాల్గొంటున్న సైనికుడు డ్యూటీలో ఉన్నట్టే లెక్క. అదే, ప్రైవేటు వాళ్లు ఏర్పాటు చేసిన యాత్రకు సొంతంగా వెళ్తే డ్యూటీ కాదు. పై అధికారి పర్మిషన్ ఇచ్చినా సరే! అంటే ఒకే కొండ, ఒకే తాడు, ఒకే రకం దెబ్బ. ఎవరు పంపితే వెళ్లాడన్న దాన్ని బట్టి ఒకరికి పెన్షన్, ఇంకొకరికి సున్న. ఇక యూనిట్‌లో ఆర్డరేసి చేయించిన శిక్షణ సంగతి చెప్పేదేముంది? వెళ్లనంటే శిక్ష పడే పని అది. అంతకంటే డ్యూటీ ఇంకేముంటుంది?

సెలవు సంగతి వేరు. సెలవులో ఇంటికొచ్చి, సైన్యంతో సంబంధం లేని సొంత పని మీద తిరుగుతూ ప్రమాదానికి గురైతే దాన్ని సర్వీసు ఖాతాలో వేయడం కష్టం. అలాంటి ఒక రోడ్డు ప్రమాదం కేసులో 2011లో సుప్రీంకోర్టు వైకల్య పెన్షన్ కుదరదనేసింది. దెబ్బకీ సైనిక సేవకీ మధ్య ముడి కనపడాలి. గాయాల విషయంలో ఈ ముడే ప్రాణం.

ఆ ముడి వేసేది ఓ మామూలు ఫారం. గాయం జరిగిన వెంటనే యూనిట్‌లో ఇంజురీ రిపోర్టు రాయాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తుండగా జరిగింది, అప్పుడు డ్యూటీలో ఉన్నాడా లేదా అన్నది అందులో ఉంటుంది. తీవ్రమైన వాటికి కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కూర్చుంటుంది. కమాండింగ్ అధికారి సంతకం పడుతుంది. ఎంత శాతం వైకల్యమో తేల్చేది డాక్టర్లు. కానీ ఆ గాయం డ్యూటీలో తగిలిందా అన్న ప్రశ్నకు జవాబు ఈ కాగితంలోనే దొరకాలి. కుర్ర జవాన్లు దీన్ని పట్టించుకోరు. పట్టించుకుంటే ఎక్కడ మెడికల్ కేటగిరీ పడిపోతుందో, ప్రమోషన్ ఎక్కడ ఆగుతుందోనని భయం. “ఏం కాలేదు సార్” అనేస్తారు. 25 ఏళ్ల వయసులో అన్న ఆ మాట 50 ఏళ్ల వయసులో మోకాల్లో గుచ్చుకుంటుంది.

మరి ఇంజురీ రిపోర్టు లేకపోతే అంతా అయిపోయినట్టేనా? కాదు. గాయమైన నాటి ఆసుపత్రి అడ్మిషన్ కాగితాలు, పార్ట్ టూ ఆర్డర్లు, డిశ్చార్జి బుక్కు, ఏటేటా జరిగే వైద్య పరీక్షల్లో మోకాలి గురించి రాసిన రెండు ముక్కలు... ఏదైనా పనికొస్తుంది. ఆ రోజు తాడుకు రెండో కొసన ఉన్న మిత్రుడు ఏ మహబూబ్‌నగర్‌లోనో, ఏ మదురైలోనో ఉంటాడు. అతను అఫిడవిట్ ఇవ్వొచ్చు. మెడికల్ బోర్డు రిపోర్టు చేతిలో లేకపోతే రికార్డు ఆఫీసుకు రాయాలి. ఫిరంగి దళం వాళ్లకైతే నాసిక్, మద్రాస్ రెజిమెంట్ వాళ్లకైతే వెల్లింగ్టన్. సమాచార హక్కు చట్టం కింద అడిగినా ఇస్తారు. పెన్షన్ రాకుండా బయటికొచ్చినవాళ్లు మాత్రం అసలు ఆలస్యం చేయకూడదు. వాళ్ల సర్వీసు కాగితాలను 25 ఏళ్లు ఉంచి తర్వాత ధ్వంసం చేస్తారు. బాబాయ్‌కి పెన్షన్ ఉంది కాబట్టి ఆ భయం లేదు.

ఈ గొడవలన్నిటిలో మాజీ సైనికులు తరచూ తలుచుకునే పేరు ధరమ్‌వీర్ సింగ్. సిగ్నల్స్ దళంలో సిపాయి. 1985లో చేరాడు. తొమ్మిదేళ్లయ్యాక మూర్ఛ వస్తోందని, 20 శాతం వైకల్యం అని ఇంటికి పంపేశారు. అది సర్వీసు వల్ల వచ్చింది కాదన్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2013 జులైలో తీర్పొచ్చింది. చేరేటప్పుడు జబ్బున్నట్టు ఎక్కడా రాయనప్పుడు ఆరోగ్యంగానే చేరాడనుకోవాలని, తర్వాత ఆరోగ్యం చెడితే అది సర్వీసు వల్లే అనుకోవాలని, కాదని నిరూపించే బరువు ప్రభుత్వానిదే తప్ప సైనికుడిది కాదని కోర్టు చెప్పింది. అనుమానం మిగిలితే ఆ లాభం కూడా సైనికుడికే. కారణం రాయకుండా ‘కాదు’ అనే ఒక్క ముక్కతో బోర్డు తప్పించుకోవడం కుదరదంది. ఆ తీర్పు జబ్బు విషయంలో వచ్చింది. గాయానికి పైన చెప్పిన ముడి చూపించాలి. అయితే కొండ మీద మెలితిరిగిన మోకాలు ఏడేళ్ల తర్వాత అరిగితే, అది పాత గాయమా, కొత్త జబ్బా? బోర్డు ‘శాంతి ప్రాంతం’ అని రాసింది. శాంతి ప్రాంతంలో బయటపడిందన్న ఒక్క కారణంతో కాదనడం చెల్లదని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా చెప్పింది. మనం చలిమంట పక్కన వేడివేడి కాఫీ తాగుతున్న సమయంలో సరిహద్దులో మంచుగాలులకు ఎదురు నిలబడేవాళ్ల సంగతి గుర్తుంచుకోవాలన్న అర్థంలో ఆ న్యాయమూర్తులు రాశారు. కాఫీ మాట తీర్పులో నిజంగానే ఉంది!

సరే, ఒప్పుకున్నారనుకుందాం. చేతికి ఎంతొస్తుంది? ఇంట్లో ఆడవాళ్లు మొదట అడిగేది అదే, అడగాల్సిందీ అదే. వైకల్యం 20 శాతం, అంతకు మించి ఉంటేనే పెన్షన్. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం, తక్కువ వైకల్యానికి ఆ దామాషాలో. లెక్కకు వీలుగా జీతం 40 వేలు అనుకోండి. నూటికి నూరు శాతమైతే 12 వేలు. 20 శాతానికి 2,400. అయితే ఇక్కడ ఓ చల్లని మాట ఉంది. శాతాన్ని పైకి సవరిస్తారు. 50 లోపు ఉంటే 50గా, 50 నుంచి 75 దాకా 75గా, ఆపైన ఉంటే 100గా లెక్కగడతారు. మొదట్లో ఇది అనారోగ్యం వల్ల మధ్యలో పంపేసినవాళ్లకే అన్నారు. పూర్తి సర్వీసు చేసి వచ్చినవాళ్లకూ ఇవ్వాల్సిందేనని 2014 డిసెంబర్ 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అలా 2,400 కాస్తా 6 వేలవుతుంది. పైన కరవు భృతి. సర్వీసు పెన్షన్ ఎలాగూ ఉంటుంది, ఇది దానికి అదనం. నెలకు 6 వేలంటే మెట్ట రైతు ఇంట్లో మందుల ఖర్చు, పాల ఖర్చు వెళ్లిపోయినట్టే.

యుద్ధంలోనో, ఆపరేషన్‌లోనో తగిలిన గాయానికి లెక్క వేరు. ఆ ‘వార్ ఇంజురీ’ కింద పూర్తి సర్వీసు చేసినవాళ్లకు 30 బదులు 60 శాతం, మధ్యలో పంపేసినవాళ్లకైతే నూరు శాతం వైకల్యానికి చివరి జీతం మొత్తం ఇస్తారు. అందుకే కొండల మీద జరిగిన ప్రతి ప్రమాదాన్నీ ఏ గడిలో వేశారన్నది ఇంత పెద్ద విషయం. మంచులో పోయిన ప్రాణం ‘బ్యాటిల్ క్యాజువాలిటీ’యా, ‘ఫిజికల్ క్యాజువాలిటీ’యా? గుమాస్తాకు అది ఒక గడి. ఇంటివాళ్లకు అదే జీవితకాలపు తేడా. 2013 జనవరిలో జమ్మూకాశ్మీర్‌లో నియంత్రణ రేఖ దగ్గర గస్తీకి వెళ్లిన ఓ సైనికుడు విపరీతమైన చలికి ఊపిరాడక ప్రాణం విడిచాడు. మొదట యుద్ధ మరణం అన్నారు. తర్వాత మామూలు మరణమని మార్చారు. భార్యకు ఎక్కువ పెన్షన్ కుదరదన్నారు. ఆమె ట్రిబ్యునల్‌లో గెలిచింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 డిసెంబర్‌లో కోర్టు ఆ అప్పీలు కొట్టేసి, సైనికుడి భార్యను ఇంత దూరం ఈడ్చాల్సింది కాదంటూ ఆమెకు 50 వేల రూపాయలు ఖర్చుల కింద ఇమ్మంది. దాదాపు పన్నెండేళ్లు పట్టింది ఒక గడి సరిచేయడానికి.

హైదరాబాద్–విజయవాడ హైవే మీద నందిగామ, జగ్గయ్యపేట దాటి పోతే సూర్యాపేట వస్తుంది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో ప్రాణమిచ్చిన కర్నల్ సంతోష్ బాబుది ఆ ఊరే. ఆ రోడ్డున వెళ్లే బస్సుల్లో ఆయన పేరు తెలియనివాళ్లు ఉండరు. అదే బస్సులో, కుడికాలు చాపుకోవడానికి వీలుగా చివరి సీటు వెతుక్కునే మాజీ జవాను ఎవరో పక్కవాళ్లకు తెలియకపోవచ్చు.

మళ్లీ బాబాయ్ దగ్గరికి వద్దాం. వచ్చి ఇరవై ఏళ్లయింది. ఇప్పుడడిగితే ఏం లాభం అంటాడు. మామూలుగా మొదటి అప్పీలు నిర్ణయం తెలిసిన ఆరు నెలల్లో పెట్టుకోవాలి. ఆ గడువు ఎప్పుడో దాటింది. కానీ పెన్షన్ అన్నది నెలనెలా రావాల్సింది. రాని ప్రతి నెలా కొత్త నష్టమే. అందుకని ఆలస్యమైనా తలుపు మూసేయరు. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. 1983లో ఇంటికొచ్చి 1999లో కోర్టుకెళ్లిన సైనికుడాయన. అయితే బకాయిలు మాత్రం కేసు వేసిన తేదీకి ముందు మూడేళ్లకే ఇవ్వాలంది. అంటే బాబాయ్ నవ్వేసి ఊరుకున్న ఏళ్లలో చాలా భాగం నీళ్లలో పోసినట్టే. ఇంకో ఏడాది ఆగితే ఇంకో ఏడాది పోతుంది.

దారి చెప్పుకోవడానికి తేలిక. ముందు రికార్డు ఆఫీసుకు దరఖాస్తు, దాని మీద అప్పీలు, అక్కడా కాదంటే రెండో అప్పీలు. అదీ అయితే సాయుధ దళాల ట్రిబ్యునల్. 2007లో చట్టం చేశారు, 2009 ఆగస్టులో మొదలైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేసులు చెన్నై బెంచి కిందికి వస్తాయి. అంతకు ముందు హైకోర్టుకు పోవాల్సి వచ్చేది. ఉత్తరాలు రాసిపెట్టడానికి, ఏ ఫారం ఎక్కడికి పంపాలో చెప్పడానికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. అక్కడ డబ్బు కట్టక్కర్లేదు. మధ్యలో ‘మొత్తం నేను చూసుకుంటా, వచ్చిన దాంట్లో సగం’ అనేవాళ్లు తగులుతారు. వాళ్లకో దండం.

2023 సెప్టెంబర్ 21 నుంచి కొత్త అర్హత నిబంధనలు వచ్చాయి. సర్వీసులో కొనసాగేవాళ్లకు ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’ అనే కొత్త పేరు తెచ్చారు. కొత్తవి కఠినంగా ఉన్నాయని మాజీ సైనికుల సంఘాలు గొంతెత్తాయి. 2006లో వచ్చేసిన బాబాయ్‌కి పాతవే వర్తిస్తాయి. ఇప్పుడు సైన్యంలో ఉన్న కుర్రాళ్లు మాత్రం కొత్త పుస్తకం ఓసారి తిరగేయడం మంచిది. ఇంట్లో ఎవరైనా సెలవులో వచ్చి కుంటుతూ కనిపిస్తే, ‘ఇంజురీ రిపోర్టు రాయించావా?’ అని తల్లి అడగొచ్చు. ‘అన్నం తిన్నావా’ అన్నంత మామూలుగా.

చివరికి బాబాయ్‌ని కదిలించింది చట్టమూ కాదు, డబ్బూ కాదు. అన్న కొడుకు ట్రంకుపెట్టె తీసి కాగితాలు మంచం మీద పరిచాడు. డిశ్చార్జి బుక్కు, పాత ఫొటోలు, అడుగున పసుపు రంగుకు తిరిగిన ఓ ఆసుపత్రి చీటీ. 1997 తేదీ. ‘కుడి మోకాలు, కొండ శిక్షణలో పడి’ అని డాక్టరు చేతిరాత, ఇంగ్లీషులో. బాబాయ్ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

“ఇది పారేశాననుకున్నానే...”

“నేనే దాచా,” అంది వంటింట్లోంచి పిన్ని. “ఆసుపత్రి కాగితం పారేయకూడదని మా నాన్న చెప్పేవాడు.”

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ నందిగామ బస్సెక్కారు. చీటీకి నాలుగు జిరాక్సులు తీయించారు. నాసిక్‌కు ఒకటి స్పీడ్ పోస్టులో వెళ్లింది. రశీదును బాబాయ్ జేబులో పెట్టుకోబోతుంటే అన్న కొడుకు తీసుకుని, పిన్నికివ్వడానికి విడిగా మడిచి పెట్టాడు.